రెబెక్కా స్కేలు

అజర్ పంపిన పట్టికలో పదకొండు గళ్లున్నాయి. పది గళ్లను రెబెక్కా ఒక్క సాయంత్రంలో నింపింది. పదకొండో గడి గురించి ఆమెకు ఏ సందేహమూ లేదు కాబట్టి దాన్ని చివరికి వదిలిపెట్టింది.

పాట పేరు, ఎన్ని చరణాలు, పల్లవి ఎన్నిసార్లు తిరిగి రావాలి, ముందు ఎవరు ఎత్తుకోవాలి, ఏ చోట ఊపిరి తీసుకోవడానికి వ్యవధి కావాలి, నిలబడి పాడతారా కూర్చుని పాడతారా, చేతిలో కాగితం ఉంటుందా, కట్టుకునే చీర రంగేమిటి, ఇలా సాగుతుంది ఆ పట్టిక. చీర రంగు ఎందుకని ఆమె ఫోన్లో అడిగితే, వేదిక వెనుక దీపాలు దాన్నిబట్టే పెట్టిస్తామని, నీలం మీద నీలం పడితే మనిషి కనబడదని అజర్ ఓపికగా చెప్పాడు. అతనికి ముప్పై అయిదేళ్లు. మేడ్చల్‌లో చిన్న వాద్యబృందం నడుపుతున్నాడు. ఒప్పుకున్న ప్రతి కార్యక్రమానికీ పది రోజుల ముందు గాయకులకు ఈ పట్టిక పంపడం అతని పద్ధతి. వేదిక ఎక్కిన తరువాత ఏదీ కొత్తగా ఎదురు కాకూడదన్నది అతని నియమం.

పదకొండో గడిలో స్కేలు రాయాలి. అంటే ఆ గాయని ఆ పాటను ఏ స్వరం ఆధారంగా పాడుతుందో అది. దాన్నిబట్టే వేణువు ఎంచుకుంటారు, గిటారు సిద్ధం చేసుకుంటారు, కంప్యూటర్‌లో కోరస్ అమర్చుకుంటారు. రెబెక్కా తన నీలం అట్ట నోటుపుస్తకం తెరిచి ఏడు పాటలకూ స్కేళ్లు ఎక్కించింది. అన్నిటికన్నా ముఖ్యమైన పాట ఎదురుగా ‘ఎ మైనర్’ అని రాసి, కింద సన్నని గీత గీసింది.

ఆ ముఖ్యమైన పాట వెనుక ఇరవై నాలుగేళ్ల చరిత్ర ఉంది. రెబెక్కాది రావల్కోల్. తండ్రి లచ్చయ్య కౌలుకు కూరగాయలు పండించేవాడు. ఊరి చర్చిలో పాడుతూ పెరిగిన ఆమెను పెళ్లయిన కొత్తలో మేడ్చల్ ఆర్కెస్ట్రా వాళ్లు పిలిచారు. అయిదారేళ్లు పెళ్లిళ్లలో పాడింది. ఆ రోజుల్లోనే బహదూర్‌పల్లిలో శైలజ అనే ఆమె పెళ్లిలో అప్పగింతల పాట పాడింది. తల్లి కూతురిని సాగనంపుతూ పాడే ఆ పాట రెండో చరణంలో ఒక్కసారిగా పైకి లేచి, పై పంచమం మీద కాసేపు నిలబడి దిగుతుంది. అక్కడ రెబెక్కా గొంతు నిలబడిన తీరుకు పందిట్లో మాటలు ఆగిపోయాయని శైలజ ఇప్పటికీ చెబుతుంది. తరువాత పిల్లలు పుట్టారు, ఆర్కెస్ట్రా మూతపడింది, రెబెక్కా విత్తనాల కంపెనీలో పరీక్షల గదిలో పనికి కుదిరింది. పాట తూంకుంట చర్చికి, సంఘస్థుల ఇళ్లలో జరిగే శుభకార్యాలకు పరిమితమైంది.

ఇప్పుడు శైలజ కూతురి పెళ్లి విందు. శామీర్‌పేట చెరువు దగ్గరి హాలులో శనివారం సాయంత్రం. అజర్ బృందాన్ని మాట్లాడుకుంటూ శైలజ ఒక్కటే షరతు పెట్టింది: తన పెళ్లిలో పాడిన ఆమే ఆ పాట పాడాలి. ఎక్కడుందో వెతికించి, ఫోన్ నంబరు సంపాదించి, తానే మాట్లాడింది. యాభై ఒకటో ఏట, తన పేరు చెప్పి అడిగి మరీ పిలిచిన పిలుపు అది. భర్త గిడియోన్ స్కూలు బస్సు డ్రైవరు, మితభాషి. అతను కూడా ఆ రోజు ఇద్దరు ముగ్గురు తోటి డ్రైవర్లకు చెప్పుకున్నాడని ఆమెకు తరువాత తెలిసింది.

పట్టిక పంపే ముందు రెబెక్కా ఒక జాగ్రత్త తీసుకుంది. ఆదివారం ఆరాధన ముగిశాక మరిది శామ్యూల్‌ను పిలిచింది. చర్చిలో కీబోర్డు వాయించేది అతనే. ఆమె ఎక్కడ పాడినా పక్కన అతనే ఉంటాడు. సంగీతం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. కరీంనగర్ రోడ్డు మీద మోటార్లకు తీగ చుట్టే దుకాణం అతనిది. అక్కడి ఓర్పే కీబోర్డు మీదా చూపించి, ఒక్కో పాటా పట్టుకున్నాడు.

“శామ్యూల్, నా అప్పగింతల పాట ఏ స్కేల్ల వాయిస్తవ్?”

“ఎ మైనర్. ఇన్నేండ్ల సంది అదే గదా,” అన్నాడతను మైకు తీగలు చుట్టుకుంటూ. తల ఎత్తలేదు. “పెద్ద బ్యాండోళ్ల కాడికి పోతున్నవ్ వదినె. వాళ్లు పాడేటోళ్లకు నీళ్ల సీస చేతికిచ్చి పక్కపొంటి నిలబడతరట. మమ్ముల యాదిల ఉంచుకో.”

“నువ్వు ఒక్కనాడన్న ఇచ్చినవా? వాళ్లనన్న ఇయ్యనీయ్.”

ఆ మధ్యాహ్నమే అతను వాయిస్తుండగా ఆ పాటను మూడుసార్లు పాడుకుంది. మూడుసార్లూ పై పంచమం అందింది. ఇంటికి వెళ్లి పట్టిక ఫోటో తీసి అజర్‌కు పంపింది.

బుధవారం సాయంత్రం కంపెనీ నుంచి నేరుగా మేడ్చల్ వెళ్లింది. అజర్ సాధన గది ఒక సిమెంటు దుకాణం పైన ఉంటుంది. శబ్దం బయటికి పోకుండా గోడలకు పాత బొంతలు కొట్టారు. గిటారుతో అజర్, వేణువు వాయించే అతను, డ్రమ్స్ అతను. మూలన అజర్ చెల్లెలు ఆఫ్షీన్ తన రెండు పాటల కాగితాలు చూసుకుంటూ కూర్చుంది. ఆ అమ్మాయికి ఇరవై నాలుగేళ్లు. డిగ్రీ పూర్తిచేసి అన్న బృందంలోనే పాడుతోంది. ఎవరికి వారు పనిలో ఉన్నారు. రెబెక్కా చేతికి నిజంగానే నీళ్ల సీసా ఇచ్చారు. శామ్యూల్ మాట గుర్తొచ్చి ఆమె నవ్వుకుంది.

కార్యక్రమానికి ముందు కూడి చేసే సాధన ఒక్కటేనని, తరువాత శనివారం మూడు గంటలకు హాలులో మైకులు సరిచూసుకోవడమేనని అజర్ ముందే చెప్పాడు. అందరూ ఎవరి పని వారు ఇంటి దగ్గర చేసుకుని వస్తారు. ఇక్కడ కలపడమే మిగులుతుంది.

వేణువు ఎత్తుకుంది. రెబెక్కా పల్లవి అందుకుంది. మొదటి వాక్యంలోనే గొంతు దగ్గర బిగువు తెలిసింది. కొత్త మనుషుల ముందు బెరుకు అనుకుంది. మొదటి చరణం గట్టెక్కింది. రెండో చరణంలో పాట పైకి లేచే చోట గొంతు చీలి, గాలి మాత్రమే బయటికి వచ్చింది.

అజర్ చెయ్యెత్తి ఆపాడు. మళ్లీ మొదలుపెట్టారు, ఈసారి వేగం తగ్గించి. అదే చోట అదే జరిగింది. మూడోసారి వేణువును ఆమెకు తోడుగా పైకి వెళ్లమన్నాడు. ఆమె పక్కన వేణువు పైకి వెళ్లింది, ఆమె కిందనే ఉండిపోయింది. డ్రమ్స్ అతను తన కర్రల వైపు చూసుకోవడం మొదలుపెట్టాడు.

“గొంతు పట్టిందా అక్కా? సర్దయిందా?” అని అడిగాడు అజర్.

లేదంది. పట్టికలో స్కేలు మీరే రాశారు కదా అన్నాడు. అవును, ఎప్పుడూ పాడేది అందులోనే అంది. అజర్ గిటారు ఒళ్లో పెట్టుకున్నాడు.

“రోజూ పాడేది గిదే అయితే గొంతు గిట్ల పలగదు అక్కా,” అన్నాడు. కటువుగా అనలేదు. తరువాత చెల్లెలి వైపు తిరిగి ఆ చరణం ఒకసారి అనమన్నాడు. ఆఫ్షీన్ కూర్చున్న చోటు నుంచి లేవకుండానే, కాగితం పక్కన పెట్టి పాడింది. పై పంచమం మీద ఏ ప్రయాసా లేకుండా నిలబడి దిగింది. గొప్పకు పాడలేదు, అడిగినందుకు పాడింది. ఆ సంగతి తెలుస్తూనే ఉండడం రెబెక్కాకు మరింత కష్టమనిపించింది.

శుక్రవారం సాయంత్రం ఆరు గంటల వరకు చూద్దామని అజర్ చెప్పాడు. అప్పటికి గొంతు దారికి వస్తే సరే, రాకపోతే ఆ పాట ఆఫ్షీన్ పాడుతుంది, శైలజ మేడంకు తాను సర్దిచెప్పుకుంటాడు. మెట్లు దిగుతుంటే వెనుక నుంచి, వేడినీళ్లు తాగమని, దిగులు పడొద్దని కేక వేశాడు.

శామీర్‌పేట మీదుగా ఇంటికి వెళ్లే బస్సులో రెబెక్కా మొదట భయపడింది. విత్తనాలకు మందు పట్టించే షెడ్డు పక్కనే పద్దెనిమిదేళ్లుగా పని. ఆ దుమ్ముకు ఇద్దరు ఆడవాళ్లకు గొంతు బొంగురుపోయింది. తనకూ అదే మొదలైందేమో. డాక్టరు దగ్గరికి వెళ్లాలి, గిడియోన్‌కు చెప్పాలి. అలా కొంత దూరం వెళ్లాక ఆమె ఆలోచన తన పనిగదిలోకి వెళ్లింది. వంద గింజలను తడి కాగితం మీద వరుసగా పేర్చి, చుట్ట చుట్టి, వేడి సమంగా ఉండే పెట్టెలో నిలబెట్టి, ఏడో రోజు విప్పి ఎన్ని మొలిచాయో లెక్కించడం ఆమె ఉద్యోగం. ఒకే బస్తాలోని గింజలు ఒక పెట్టెలో తొంభై, ఇంకో పెట్టెలో అరవై మొలిస్తే గింజను అనుమానించరు. ముందు పెట్టెను పరీక్షిస్తారు. ఆదివారం మూడుసార్లు అందిన స్వరం బుధవారం మూడుసార్లు అందలేదు. మూడు రోజుల్లో గొంతు అంత పోదు.

గురువారం పనినుంచి వస్తూ చర్చి దగ్గర దిగింది. చర్చి ఊడ్చే ముత్తమ్మ లోపలే ఉంది. రెబెక్కా కీబోర్డు మీది గుడ్డ తీసి మీట వేసింది. సాధన చేసుకొమ్మని బుధవారం రాత్రి అజర్ పంపిన వేణువు ముక్క ఫోన్లో ఉంది. దాన్ని పెట్టి, శామ్యూల్ ఆ పాట మొదలుపెట్టేటప్పుడు వేలు మోపే మెట్టును నొక్కింది. అతని పక్కన నిలబడి ఇన్నేళ్లుగా చూస్తున్న మెట్టే అది. రెండు ధ్వనులూ కలవలేదు. కీబోర్డు కింద ఉంది. పక్క మెట్టు నొక్కింది, ఆ పైది నొక్కింది. మూడో మెట్టు దగ్గర కలిశాయి.

కీబోర్డు మధ్యలో అంకెలు వెలిగే చిన్న అద్దం ఉంటుంది. దాని ఒక మూల ఎన్నో ఏళ్లుగా నల్ల టేపు ముక్క అతికించి ఉంది. అక్కడ అద్దం పగిలిందని శామ్యూల్ చెప్పగా విన్నది. రెబెక్కా గోటితో టేపు అంచు లేపి లాగింది. అద్దం పగల్లేదు. కింద మూడు అంకె, దాని ముందు తగ్గింపు గుర్తు ఉన్నాయి.

“ఏందమ్మా, ఖరాబయిందా?” అని అడిగింది ముత్తమ్మ.

“కాలే. మంచిగనే ఉన్నది,” అంది రెబెక్కా. టేపు ముక్కను వేలికి చుట్టుకుని బయటికి వచ్చింది.

శామ్యూల్ దుకాణంలో ఒక మోటారు గుల్లలో రాగి తీగ చుడుతున్నాడు. పెదవులు కదుపుతూ చుట్లు లెక్కపెడుతున్నాడు. లెక్క తప్పితే మళ్లీ మొదటికి వస్తుందని ఆమెకు తెలుసు. అంత కోపంలోనూ ఆ వరుస అయిపోయేదాకా నిలబడింది. అయిపోయాక టేపు ముక్కను అతని ముందు బల్ల మీద పెట్టింది. శామ్యూల్ దాన్ని చూశాడు. ఆమె వైపు చూడలేదు.

“ఎప్పటి సంది?”

“నీ ఆపరేషన్ అయినంక.”

తొమ్మిదేళ్ల కిందట, నలభై రెండో ఏట, రెబెక్కాకు గర్భసంచి తీసేశారు. పరీక్షల గదిలో పనిచేసే పదిమంది ఆడవాళ్లలో నలుగురికి ఆ ఆపరేషన్ అయింది కాబట్టి అందులో వింతేమీ లేదనుకుంది. రెండు నెలల తరువాత చర్చిలో మొదటిసారి పాడినప్పుడు గొంతు పైకి వెళ్లలేదు. నీరసమనుకుంది. మరుసటి ఆదివారానికి వెళ్లింది. దేవుడు తిరిగి ఇచ్చాడని సాక్ష్యం కూడా చెప్పింది. ఆ రెండో ఆదివారమే తాను ఒక మెట్టు దించానని శామ్యూల్ ఇప్పుడు చెప్పాడు. కీబోర్డులో ఒక బటన్ ఉంటుంది. వేళ్లు ఎప్పటి మెట్ల మీదే ఆడుతుంటాయి, ధ్వని మాత్రం కిందికి దిగుతుంది. పక్కన నిలబడి వేళ్లను చూసేవారికి ఏ మార్పూ కనబడదు. కరోనా తరువాత ఇంకో మెట్టు దించాడు, రెండేళ్ల కిందట మూడోది.

“నాకెందుకు చెప్పలే?”

“ఎట్ల చెప్పాలె వదినె? గొంతు పోతే ఇగ నాకేమున్నది అని మొదటి ఆదివారం ఇంట్ల ఏడ్చినవ్. నేను ఆడనే ఉన్న. చెప్తే పాడుడు బంద్ పెడ్తవనుకున్న.”

“మొన్న అడిగిన గదా. రాసిచ్చేటందుకే అడిగిన గదా.”

“నా వేళ్లకు అది ఎ మైనరే.” రాగి తీగ కొసను మెలిపెట్టాడు. “మర్చిపోలే. నోరు రాలే.”

ఎదురుగా రోడ్డు మీద ఇసుక లారీలు పోతున్నాయి. రెబెక్కాకు చెప్పడానికి చాలా ఉంది. దేవుడి పేరు మీద తాను చెప్పిన సాక్ష్యం ఉంది, తనకంటే చిన్న గాయనుల ముందు పట్టింపుగా నిలబడిన రోజులున్నాయి, బుధవారం డ్రమ్స్ అతను దించుకున్న కళ్లున్నాయి. వాటిలో ఒక్కటీ చెప్పలేదు.

“గొంతు నాది,” అంది. “అది ఎంత దిగిందో నాకంటే ముందు నీకు ఎరుకుండుడేంది?”

శామ్యూల్ టేపు ముక్కను చేతిలోకి తీసుకున్నాడు. రేపు పొద్దున ఆరింటికి చర్చి తెరిపించమని, ఆ టేపు మళ్లీ అతికించొద్దని చెప్పి ఆమె ఇంటికి వెళ్లిపోయింది. గిడియోన్‌కు విషయమంతా చెప్పింది. అతను విని, శామ్యూల్ చేసింది తప్పేనన్నాడు. కాని తానైనా అదే చేసేవాడినేమోనన్నాడు. ఆ రెండో మాట ఆమెకు రుచించలేదు.

శుక్రవారం సెలవు పెట్టింది. కొత్త కాగితం మీద ఏడు పాటలకు ఏడు వరుసలు గీసింది. ప్రతి పాటలో పైకి వెళ్లే చరణాన్ని నిలబడి మూడుసార్లు పాడాలి. మూడుసార్లూ నిలబడితేనే ఆ స్కేలు చెల్లుతుంది. పొద్దున ఒకసారి, గొంతు అలిసి ఉండే సాయంత్రం నాలుగింటికి మరోసారి. కార్యక్రమం సాయంత్రమే కదా. శామ్యూల్ బటన్ నొక్కి అంకె పైకి చదవాలి, ఆమె రాయాలి. అంతకు మించి ఇద్దరి మధ్య మాట లేదు.

బటన్ సున్నా మీద పెట్టించుకుని మొదలుపెట్టింది. చీలింది. ఒకటి మీద చీలింది. రెండు మీద అందీ అందనట్టు తగిలింది. మూడు మీద అందింది, రెండోసారీ అందింది, మూడోసారి వణికింది.

“మూడు సరిపోతది వదినె, రెండేండ్ల సంది దాన్లనే పాడుతున్నవ్,” అన్నాడు శామ్యూల్.

“మూడోసారి వణికింది. నాలుగు పెట్టు.”

నాలుగు మీద మూడుసార్లూ నిలబడింది. సాయంత్రమూ నిలబడింది. అంటే ఇంతకాలం అతను దాచిపెట్టి దించిన దానికన్నా ఇంకో మెట్టు కిందనే ఉంది ఆమె అసలు గొంతు. ఆ అంకె రాస్తున్నప్పుడు ఆమె చెయ్యి ఆగింది. శామ్యూల్ మెట్ల మీది దుమ్ము తుడుస్తూ కూర్చున్నాడు. మిగతా ఆరు పాటల్లో నాలుగింటికి రెండో మూడో తగ్గించాల్సి వచ్చింది, ఒకటి మారలేదు, ఒకటి ఎక్కడ పెట్టినా నిలబడలేదు. దాన్ని కొట్టేసింది.

అయిదున్నరకు అజర్‌కు ఫోన్ చేసి, ముఖ్యమైన పాటకు ఎఫ్ మైనర్ అని చెప్పింది. అజర్ తన కష్టాలు ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. వేణువు మార్చుకోవచ్చు, అతని సంచిలో అన్నీ ఉంటాయి. గిటారు మెట్లు మళ్లీ రాసుకోవాలి. కోరస్ నలుగురు ఆడపిల్లలతో పాడించి పెట్టుకున్నది, నాలుగు మెట్లు దించితే మగగొంతుల్లా వినిపిస్తుంది, దాన్ని తీసేయాలి.

“పది రోజుల ముందుగాల పట్టిక పంపేది గిందుకే గదా అక్కా. ఎ మైనర్ అని గీత గీసి మరీ రాసిండ్రు.”

శామ్యూల్ పక్కనే ఉన్నాడు. ఫోన్లో మాట అతనికీ వినబడుతోంది. రెబెక్కా అతని పేరు ఎత్తలేదు.

“తప్పు నాదే. కొలువకుండ రాసిన,” అంది. “ఇప్పుడు కొలిచి చెప్తున్న.”

అజర్ ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. మరో సాధనకు వ్యవధి లేదు. శనివారం మైకులు సరిచూసేటప్పుడు పాట నిలబడాలి. లేకపోతే ఆఫ్షీన్ పాడుతుంది, అప్పుడు మళ్లీ మాట్లాడుకోవడాలు ఉండవు. రెబెక్కా సరేనంది. కొట్టేసిన పాటను ఆఫ్షీన్‌కే ఇచ్చెయ్యమని తానే చెప్పింది.

శనివారం మూడు గంటలకు హాలులో కుర్చీలకు తెల్లగుడ్డ తొడుగులు వేస్తున్నారు. శామ్యూల్ పిలవకుండానే వచ్చి చివరి వరుసలో కూర్చున్నాడు. రెబెక్కా చూసింది, పలకరించలేదు. అజర్ తీగలు, మైకులు, దీపాలు వరుసగా చూసుకుంటూ వచ్చి, మామిడిపండు రంగు చీర వెనుక వెలుగు సరిపోతుందని నిర్ధారించుకున్నాక, ఆ పాట ఎత్తుకోమన్నాడు. అప్పుడే శైలజ లోపలికి వచ్చింది. వేదిక ముందు నిలబడిపోయింది.

కోరస్ లేదు కాబట్టి వేణువు ఒక్కటే వినిపించింది, ఎప్పటికన్నా కింద, కాస్త బరువుగా. రెబెక్కా పాడింది. రెండో చరణం వచ్చింది. గొంతు పైకి లేచింది, అందుకోవలసిన చోటు అందుకుని నిలబడింది. చీలలేదు, వణకలేదు. కాని అది ఇరవై నాలుగేళ్ల కిందట పందిట్లో లేచిన గొంతు కాదు. దానిలో మెరుపు లేదు. మందంగా, నేలకు దగ్గరగా ఉంది.

“అప్పటి లెక్క లేదు,” అంది శైలజ. విమర్శించాలని అనలేదు. పోల్చుకోలేక అన్నట్టు ఉంది.

అజర్ ఏదో సర్దిచెప్పబోయాడు. రెబెక్కా మైకు పక్కకు పెట్టింది.

“లేదమ్మా. నాలుగు మెట్లు కిందికి పాడుతున్న. గంతకంటె మీదికి నాకు రాదు ఇప్పుడు. ఆ పిల్లకు వస్తది. ఆమెది గూడ వినుండ్రి.”

శైలజ ఆఫ్షీన్ వైపు చూసింది. ఆఫ్షీన్ అన్న వైపు చూసింది. అజర్ తల ఊపాక, తోడు ఏ వాద్యమూ లేకుండా ఆ చరణం పాడింది. కుర్చీలకు గుడ్డలు తొడుగుతున్న వాళ్లు కూడా చేతులు ఆపి విన్నారు. పాట అయిపోయాక శైలజ చేతి గాజులు సవరించుకుంది. ఆ కొద్దిసేపూ రెబెక్కా వేదిక మీద నీళ్ల సీసా పట్టుకుని నిలబడింది.

“ఈ అమ్మాయి బాగ పాడుతది,” అంది శైలజ. “కని నేను పిలిచింది నిన్ను. నువ్వే పాడు.” వెళ్లేటప్పుడు ఆమె ముఖంలో సంతోషం లేదు. ఇచ్చిన మాట నిలుపుకున్న మనిషి నెమ్మది ఉంది.

సాయంత్రం పాట జరిగింది. గొంతు నిలబడింది. పాట రెండో చరణంలో ఉండగా శైలజ ఎవరో బంధువులకు ఎదురువెళ్లి వాళ్లను కుర్చీల దగ్గరికి తీసుకువస్తోంది. హాలులో మాటలు ఆగలేదు. ముందు వరుసలో ఒక పెద్దావిడ మాత్రం పళ్లెం ఒళ్లో పెట్టుకుని, తినకుండా, చివరివరకు రెబెక్కానే చూసింది. దిగి వచ్చాక అజర్ గిటారు సర్దుకుంటూ, లెక్కకు సరిగ్గా వచ్చిందన్నాడు. అతని నోట అది మెప్పేనని ఆఫ్షీన్ చెప్పింది.

మరునాడు ఆదివారం. చర్చిలో పాటల సమయానికి శామ్యూల్ కీబోర్డు ముందు కూర్చున్నాడు గాని వాయించడం మొదలుపెట్టలేదు. బటన్ మీద వేలు పెట్టి ఆగాడు. టేపు ఊడిన చోట అద్దం మీద జిగురు మరక అలాగే ఉంది.

“వదినె, ఎంత పెట్టాలె?” అన్నాడు. మైకు తెరిచి ఉండడంతో ఆ మాట సంఘమంతటికీ వినబడింది. ముందు వరుసలోని ఆడవాళ్లు తలెత్తారు.

తొమ్మిదేళ్ల కిందట తాను సాక్ష్యం చెప్పింది ఆ చోట నిలబడే. రెబెక్కా నోటుపుస్తకం తెరిచింది. మారిన పాత స్కేళ్లను ఒక్కొక్క గీతతో కొట్టేసి, పక్కన కొత్తవి రాసి ఉన్నాయి. ప్రతిదాని ఎదురుగా పరీక్షించిన తేదీ, దాని కింద మరో తేదీ ఉన్నాయి. కంపెనీలో మొలక పరీక్ష ఫలితం తొమ్మిది నెలలే చెల్లుతుంది. ఆ గడువు దాటిన బస్తాను, ఎంత మంచి విత్తనమైనా, మళ్లీ పరీక్షించకుండా బయటికి పంపరు. రెండో తేదీ ఆ గడువుది.

“నాలుగు,” అంది, అందరికీ వినబడేట్టు.

శామ్యూల్ నొక్కాడు. ఆమె వంగి, అద్దంలో అంకె చూసుకుని, అప్పుడు పాట ఎత్తుకుంది.